హద్దు – హక్కు : స్థానిక సంస్థలలో వార్డుల పునర్విభజన

మన తెలుగువారి నిత్యవ్యవహారములో రెండు చిన్న మాటలు కలవు. ఒకటి హద్దు, రెండవది హక్కు. రెండును అరబ్బీ నుండి ఉర్దూ, దక్కనీల మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. పొలము గట్టు దగ్గర నిలబడిన రైతు నోటను, కచ్చేరీ మెట్లెక్కిన కక్షిదారు నోటను ఈ రెండు మాటలు ఎప్పుడును జంటగానే వినబడుచుండును. హద్దు చెరిగినచో హక్కు చెరుగునని వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే భూమి విషయములో ఇంత జాగరూకత గల మనము, మన ఓటు విషయములో మాత్రము హద్దును గూర్చి ఆలోచించుట అరుదు. ఎవరికి ఓటు వేయవలెనని నెలల తరబడి చర్చింతుము. మన ఓటు ఏ గీత లోపల లెక్కింపబడునో, ఆ గీతను ఎవరు ఎప్పుడు గీసినారో విచారింపము. ఈ వ్యాసములో ఆ గీతను గూర్చి, మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల దృష్టాంతములతో, కొంత వివరింప యత్నించుచున్నాము.

విభజన ఎందుకు?

గ్రామ పంచాయతి గాని, పురపాలక సంఘము గాని ఒక సభ. ఆ సభలో ఊరంతయు కూర్చుండజాలదు గనుక ఊరిని భాగములుగా చేసి, ఒక్కొక్క భాగమునుండి ఒక్కొక్క ప్రతినిధిని ఎన్నుకొనుచున్నారు. ఆ భాగమునకే వార్డు అని పేరు. నగరపాలక సంస్థలో దానినే డివిజన్ అందురు. మండల పరిషత్తులో ప్రాదేశిక నియోజకవర్గ మందురు. ఊరు పెరుగును. ఒక వాడ నిండును, మరియొక వాడ పలుచబడును. కొన్ని సంవత్సరములకు ఒక వార్డులో రెండువేల మంది, ప్రక్క వార్డులో ఆరువేల మంది ఉండు స్థితి వచ్చును. రెంటికిని ప్రతినిధి ఒక్కడే. అనగా మొదటి వార్డులోని ఒక ఓటు రెండవ వార్డులోని మూడు ఓట్లకు సమానమగుచున్నది. ఈ అసమానతను సరిదిద్దుటకే గీతలను మరల గీయుదురు. దీనినే పునర్విభజన అందురు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు ఈ సూత్రమునకు రాజ్యాంగ బలము చేకూర్చినవి. పంచాయతి ప్రాంతమునందలి జనాభాకును, ఎన్నిక ద్వారా నింపవలసిన స్థానములకును గల నిష్పత్తి సాధ్యమైనంతవరకు అంతటను ఒకే తీరుగా ఉండవలెనని 243-సి అధికరణము చెప్పుచున్నది. వార్డుల జనాభా సగటుకు పది శాతమునకు మించి హెచ్చుతగ్గులు కాకుండ చూచుట మన ప్రాంతపు పురపాలక సంఘములలో పాటింపబడుచు వచ్చిన నియమము.

ప్రపంచ చరిత్రలో ఈ సమస్య క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఓల్డ్ సారమ్ అను పాడుపడిన పట్టణము దాదాపు నిర్మానుష్యమై యుండియు, 1832 సంస్కరణ చట్టము వచ్చువరకు పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపుచునే యుండెను. అదే కాలమున కార్మికులతో నిండిన మాంచెస్టరు నగరమునకు ప్రత్యేక ప్రతినిధియే లేడు. అమెరికాలో 1812వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెరీ తన పక్షమునకు అనుకూలముగా గీయబడిన నియోజకవర్గముల చట్టముపై సంతకము చేసెను. అందొక నియోజకవర్గపు ఆకారము సాలమాండర్ అను బల్లివంటి జంతువును పోలియుండుటచే పత్రికలవారు ఆ రెండు పేర్లను కలిపి గెరీమాండర్ అని వ్యంగ్యచిత్రము ప్రకటించిరి. గీతలతో గెలుపును కొనితెచ్చుకొను విద్యకు నేటికిని అదే పేరు.

గీత చేయు గారడి

సమాన జనాభా ఉన్నంత మాత్రమున న్యాయము జరిగినట్లేనా? కాదని ఒక చిన్న లెక్క చెప్పుచున్నది. 36,000 మంది ఓటర్లు గల ఒక పట్టణమును ఊహింతము. దానిలో తొమ్మిది వార్డులు. వార్డుకు 4,000 మంది చొప్పున అన్నియు సమానమే. ఆ పట్టణములో 12,000 మంది నేతపనివారు కలరనుకొందము. అనగా మూడవ వంతు. వారందరును ఒకే అభ్యర్థివర్గమును బలపరచుచున్నారని, తక్కినవారు మరియొక వర్గమును బలపరచుచున్నారని లెక్క కొరకు అనుకొందము.

నేతవాడలను ఉన్నవున్నట్లు మూడు వార్డులుగా గీసినచో వారికి మూడు స్థానములు వచ్చును. ఇది వారి సంఖ్యకు తగిన వాటా. అదే వాడలను తొమ్మిది ముక్కలుగా చీల్చి ప్రతి వార్డులో సుమారు 1,333 మంది చొప్పున కలిపినచో ఒక్క స్థానమైనను రాదు. ఇక మూడవ పద్ధతి. ఐదు వార్డులలో 2,400 మంది చొప్పున వారిని సర్దినచో, ఆ ఐదింటను వారే అధిక సంఖ్యాకులై, తొమ్మిదింట ఐదు స్థానములు గెలిచి చైర్మన్ పదవిని సైతము పొందుదురు. పట్టణములో మూడింట రెండు వంతులున్న తక్కినవారికి నాలుగే మిగులును.

ప్రజలు వారే, ఓట్లు అవే, వార్డుల పరిమాణమును సమానమే. ఫలితము మాత్రము సున్న, మూడు, ఐదు. నిజజీవితములో ఏ వర్గమును ఇట్లు ఒక్క త్రాటిపై నడువదు. నడువవలెనని కోరుటయు మంచిది కాదు. కాని గీతకు గల శక్తి ఎంతటిదో ఈ లెక్కవలన తేటతెల్లమగుచున్నది. ఈ లెక్కలో నేతపనివారికి బదులు బీడీ కార్మికులను, దళితవాడను, ముస్లిం మొహల్లాను, క్రొత్తగా వెలసిన కాలనీని ఎవరిని నిలిపినను ఫలితము మారదు. అన్యాయము ఇరువైపులకును జరుగవచ్చునని కూడ గ్రహింపవలెను.

మన జిల్లాలలో మారిన గీతలు

మన ప్రాంతపు పాలనా పటము స్థిరముగా ఉన్న కాలము తక్కువ. నేటి కరీంనగరు జిల్లాకు నిజాముల కాలమున ఎలగందుల కేంద్రము. ఒకప్పుడు జిల్లా కేంద్రముగా నుండిన ఆసిఫాబాదు ఆ హోదాను ఆదిలాబాదునకు వదలుకొని, 2016లో కొమురం భీము పేరు ధరించి మరల జిల్లా కేంద్రమైనది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చినవి. రాష్ట్రమున మూడువందల పైచిలుకు పంచాయతి సమితుల స్థానమున సుమారు 1,100 మండలములు ఏర్పడి, 1987లో మండల ప్రజా పరిషత్తులకు ఎన్నికలు జరిగినవి. తాలూకా కచ్చేరీకి ఒక పూట ప్రయాణము చేయవలసిన రైతునకు కార్యాలయము చేరువైనది.

2016 అక్టోబరు 11వ తేదీన మరియొక పెద్ద మార్పు వచ్చినది. 57 మండలముల పాత కరీంనగరు జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వెలసినవి. కొన్ని మండలములు పొరుగు జిల్లాలలో చేరినవి. 52 మండలముల ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడినవి. 2019లో ఈ క్రొత్త జిల్లాలకు వేర్వేరు జిల్లా పరిషత్తులు ఎన్నికైనవి. ఇందొక సూక్ష్మము కలదు. జిల్లా పరిషత్తులో మండలమునకు ఒక ప్రతినిధి. మండలము పెద్దదైనను చిన్నదైనను ప్రతినిధి ఒక్కడే. కనుక ఒక మండలమును రెండుగా చీల్చుట కేవలము కార్యాలయమును దగ్గర చేయుట కాదు. జిల్లా పరిషత్తులో ఆ ప్రాంతమునకు మరియొక ఓటు నిచ్చుట.

పట్టణముల సంగతి చూతము. కరీంనగరు పురపాలక సంఘము 2005లో నగరపాలక సంస్థ అయినది. 2014 ఎన్నికలలో 50 డివిజన్లుగా నున్న నగరము 2020 జనవరి నాటికి 60 డివిజన్లైనది. అదే కాలములో ఆదిలాబాదు పురపాలక సంఘమున వార్డులు 36 నుండి 49కి, నిర్మల్‌లో 36 నుండి 42కి పెరిగినవి. చుట్టుప్రక్కల గ్రామములు పట్టణములలో విలీనమగుట ఇందుకొక కారణము. విలీనమైన గ్రామమునకు వీధిదీపములు, మురుగు కాలువలు వచ్చునను ఆశ కలదు. మరియొక ప్రక్క సర్పంచి పదవి పోయి కార్పొరేటరు స్థానములో ఒక భాగము మాత్రము మిగులును, గ్రామసభ ఉండదు, ఇంటి పన్ను పెరుగును, గ్రామీణ ఉపాధి పథకము పట్టణపు హద్దులో వర్తింపదు. కూలి పనిపై బ్రతుకు కుటుంబమునకు ఆ గీత వలన కలుగు నష్టము కాగితముపై కనబడునది కాదు.

2018 పంచాయతి రాజ్ చట్టము దీనికి వేరొక దిశలో గీతలు గీసినది. ఐదువందలు, అంతకు పైబడిన జనాభా గల తండాలు, గూడెములు ప్రత్యేక గ్రామ పంచాయతులైనవి. రాష్ట్రమున నాలుగువేలకు పైగా క్రొత్త పంచాయతులు చేరి మొత్తము సంఖ్య సుమారు 12,750 అయినది. 2019 జనవరిలో వాటికి ఎన్నికలు జరిగినవి. పెద్ద గ్రామమునకు శివారుగా నుండి, ఒక వార్డు సభ్యునితో సరిపెట్టుకొనిన లంబాడా తండాకు, గోండు గూడెమునకు తన సర్పంచి తనకు లభించెను. మన ఊరు మన రాజ్యము అని ఆదిలాబాదు ఆదివాసులు ఎన్నో ఏండ్లుగా వినిపించిన కోరికకు ఇది కొంతవరకు సమాధానము. అయితే చిన్న పంచాయతికి ఆదాయమును చిన్నదే. గీత గీసినంతనే నిధులు రావు. హద్దుతో పాటు ఆధారమును కల్పింపవలెను.

గీతకు ఇవతల, అవతల

హద్దు వలన హక్కు ఎంతగా మారునో తెలుపు రెండు విచిత్రమైన ఉదాహరణములు పాత ఆదిలాబాదు జిల్లాలోనే కలవు.

మొదటిది మందమర్రి. మంచిర్యాల జిల్లాలోని ఈ సింగరేణి బొగ్గు పట్టణము షెడ్యూల్డు ప్రాంతముగా ప్రకటింపబడిన హద్దులో నున్నది. పురపాలక సంఘములకు సంబంధించిన రాజ్యాంగ భాగము షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపదని, పార్లమెంటు చట్టము చేసినచోనే వర్తించునని 243-జెడ్‌సి అధికరణము చెప్పుచున్నది. గ్రామములకు సంబంధించి అట్టి చట్టము 1996లో వచ్చినది. దానినే పెసా అందురు. పట్టణములకు సంబంధించి 2001లో రాజ్యసభలో ప్రవేశపెట్టబడిన బిల్లు చట్టము కాలేదు. ఫలితముగా మందమర్రి పురపాలక సంఘమని పేరు పొందియు, ఎన్నికైన పాలకవర్గము లేక, దశాబ్దముల తరబడి అధికారుల పాలనలో గడపినది. కొద్ది దూరములోనున్న మంచిర్యాల పౌరుడు తన కౌన్సిలరును ఎన్నుకొనుచుండ, మందమర్రి పౌరునికి ఆ భాగ్యము లేకపోయెను. ఆదివాసుల భూమికి, స్వపరిపాలనకు రక్షణగా ఏర్పడిన హద్దు అది. దానిని తీసివేయుట పరిష్కారము కాదు. ఆ రక్షణను కాపాడుచునే పట్టణ ప్రజలకు ఓటు నిచ్చు చట్టము రాకపోవుటయే లోపము.

రెండవది కెరమెరి మండలపు సరిహద్దు గూడెములు. 1956 రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణలో రాజురా తాలూకా ఆదిలాబాదు జిల్లానుండి విడిపోయి బొంబాయి రాష్ట్రములో చేరినది. ఆ గీత కొండలమీద ఎక్కడ పోవునో తేలక, పరందోళి, ముకదంగూడ మొదలైన పన్నెండు పదునాలుగు గూడెములపై ఇటు తెలంగాణమును, అటు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాయు హక్కు చెప్పుచు వచ్చినవి. అక్కడి ప్రజలకు రెండు రాష్ట్రముల ఓటరు జాబితాలలోనూ పేర్లు కలవు. రెండు పంచాయతులు, ఇద్దరు సర్పంచులు, రెండు రేషను కార్డులు కలవు. పైకి ఇది అదృష్టమువలె తోచును. కాని భూమి పట్టా అడిగినపుడు ఈ రాష్ట్రము ఆ రాష్ట్రమును, ఆ రాష్ట్రము ఈ రాష్ట్రమును చూపుటయే వారి అసలు కష్టము. మందమర్రిలో గీత ఓటును ఆపినది. ఇచట గీత తెగకపోవుటచే ఓటు రెండై హక్కు సగమైనది.

జలాశయములు కూడ గీతలను చెరపివేయును. మధ్య మానేరు క్రింద మునిగిన గ్రామముల ప్రజలు పునరావాస కాలనీలకు చేరిరి. నీటిలో మునిగినది ఇండ్లు మాత్రమే కాదు. ఇంటి నంబరును, దానిపై ఆధారపడిన వార్డును మునిగినవి.

రిజర్వేషన్లు, అల్పసంఖ్యాకులు

ఎస్సీ, ఎస్టీ స్థానముల సంఖ్య జనాభా నిష్పత్తిని బట్టి నిర్ణయమగును. ఆ స్థానములు ఏ వార్డులకు పడవలెనను విషయమున ఆ వర్గముల శాతము అధికముగా నున్న వార్డులను ముందు పరిశీలింతురు. కనుక ఒక దళితవాడను నాలుగు వార్డులకు పంచినచో దానిలో ఏ వార్డును రిజర్వు కాకపోవచ్చును. మహిళలకు రాజ్యాంగము మూడవ వంతునకు తగ్గకుండ ఇచ్చిన వాటాను మన రాష్ట్రము సగమునకు పెంచినది.

మతపరమైన అల్పసంఖ్యాకులకు ఎన్నిక స్థానములలో మతము పేర రిజర్వేషను లేదు. మండల పరిషత్తులో ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని కో-ఆప్షన్ సభ్యులుగా తీసికొను ఏర్పాటు కలదు. అది మంచి ఏర్పాటే. కాని కో-ఆప్షన్ సభ్యుని ఎంచుకొనువారు ఎన్నికైన సభ్యులు, ప్రజలు కారు. ప్రజల ఓటుతో వచ్చిన సభ్యుని మాటకు గల బరువు వేరు. కావున అల్పసంఖ్యాకుల ప్రాతినిధ్యము ఎక్కువగా గీతల న్యాయముపైననే ఆధారపడి యున్నది. ముస్లిములు అధికముగా నున్న కొన్ని శాసనసభా నియోజకవర్గములు ఎస్సీలకు రిజర్వు కాగా, ఎస్సీలు అధికముగా నున్న మరికొన్ని కాకపోవుటను 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తిచూపి, పునర్విభజన పద్ధతి మరింత హేతుబద్ధముగా నుండవలెనని సూచించినది. ఇది దళిత సోదరులతో పోటీ పెట్టు మాట కాదు. గీత సరిగా గీసినచో ఇరువురికిని న్యాయము జరుగునను మాట.

ఇచట మరియొక ప్రశ్న పుట్టును. ఒక మొహల్లాను విడదీయక ఒకే వార్డుగా ఉంచుట మేలా, లేక పలు వర్గములు కలిసి ఒకే ప్రతినిధిని ఎన్నుకొనుట మేలా? ప్రతి వర్గమును తన గిరిలోనే కూర్చుండబెట్టినచో అభ్యర్థి ఇతరుల గడప త్రొక్కవలసిన అవసరమే యుండదు. అది సమాజమునకు క్షేమము కాదు. మా అభిప్రాయములో ప్రమాణము ఇది. ఒకే నీటి కుళాయిని, ఒకే రోడ్డును, ఒకే మురుగు కాలువను పంచుకొనువారు ఒకే వార్డులో ఉండవలెను. సమస్య ఒకటైనచోట ప్రతినిధియు ఒకడైనచో జవాబుదారీ తనము నిలుచును. మతమును, కులమును చూచి కలుపుటయు తగదు. వానిని చూచి విడదీయుటయు తగదు.

ఎవరు గీయుదురు, ఎప్పుడు ప్రశ్నింపవలెను?

స్థానిక ఎన్నికలు జరుపు బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘమునకు కలదు. కాని వార్డుల గీతలు గీయునది ఆ సంఘము కాదు. రాష్ట్ర ప్రభుత్వపు అధికార యంత్రాంగము. మొదట ముసాయిదా ప్రకటన వెలువడును. ఏ వార్డు ఏ ఇంటి నంబరునుండి ఏ ఇంటి నంబరు వరకు, ఏ రోడ్డునుండి ఏ కాలువ వరకు అని అందులో వ్రాయబడి యుండును. కొద్ది దినముల గడువులో పౌరులు అభ్యంతరములు తెలుపవచ్చును. వానిని పరిశీలించిన పిమ్మట తుది ప్రకటన వచ్చును.

ఆ కొద్ది దినములే కీలకము. ఏలయనగా 243-ఓ, 243-జెడ్‌జి అధికరణములు నియోజకవర్గముల విభజనకు సంబంధించిన చట్టమును న్యాయస్థానములో ప్రశ్నించుటను నిషేధించుచున్నవి. స్పష్టముగా నిరంకుశమైన విభజనను ఉన్నత న్యాయస్థానములు పరిశీలింపవచ్చునని సుప్రీంకోర్టు 2024లో చెప్పినను, ఆ ద్వారము ఇరుకైనది. 2019లో మన పురపాలక వార్డుల విభజనపై వివాదములు హైకోర్టు వరకు పోయి, ఎన్నికలు 2020 జనవరిలో గాని జరుగలేదు. మరియొక ప్రక్క, విభజన పేరుతో ఎన్నికలను వాయిదా వేయరాదని సుప్రీంకోర్టు 2006లోనూ, 2022లోనూ హెచ్చరించినది. ఎన్నికల ఆలస్యమునకు విభజన ఒక్కటే కారణము కాదు. 2024 ఫిబ్రవరి ఆరంభమున గడువు ముగిసిన గ్రామ పంచాయతులకు, ప్రధానముగా రిజర్వేషన్ల చిక్కుల వలన, 2025 డిసెంబరులో గాని ఎన్నికలు జరుగలేదు. నడుమ దాదాపు రెండు సంవత్సరములు ప్రత్యేకాధికారుల పాలన. కారణమేదైనను ఆలస్యము వలన పోవునది ప్రజల హక్కే.

మరియొక ఇబ్బంది జనాభా లెక్కలది. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా నూతన జనగణనకు 2025లో ప్రకటన వెలువడినది. అంతవరకు 2011 నాటి లెక్కలే ప్రకటిత లెక్కలు. ఇంత కాలములో ఎన్ని కాలనీలు వెలసెనో, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములనుండి ఎందరు గల్ఫునకు పోయిరో, సిరిసిల్లనుండి ఎందరు నేతపనికై భివండికి చేరిరో ఆ లెక్కలకు తెలియదు. ప్రాత కొలతతో కుట్టిన అంగీ పెరిగిన పిల్లవానికి పట్టదు గదా!

మన కర్తవ్యము

క్రొత్త జనగణన అంకెలు వచ్చిన పిమ్మట వార్డుల హద్దుల ప్రశ్న మరల తలయెత్తక మానదు. అప్పటికి మన విద్యార్థులలో అనేకులు ఓటర్లై యుందురు. కావున కళాశాల రాజనీతిశాస్త్ర విభాగము, కార్యవర్గము కలిసి ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, విద్యార్థులు తాము నివసించు వార్డు పటమును స్వయముగా గీయుట. వీధులు, కాలువలు, మంచినీటి ట్యాంకులు, పాఠశాలలు అందు గుర్తింపవలెను. రెండవది, ఇంటివారి పేర్లు ఓటరు జాబితాలో ఉన్నవో లేవో, ఒకే ఇంటివారు రెండు వార్డులలో చెదిరిపోయిరో సరిచూచుట. మూడవది, ముసాయిదా ప్రకటన వచ్చిన నాడు దానిని తెలుగులోను, ఉర్దూలోను వాడవాడలా చదివి వినిపించుట. మసీదు దగ్గరను, గుడి దగ్గరను, రచ్చబండ దగ్గరను ఒకే పత్రము చదువబడవలెను. నాలుగవది, అభ్యంతరమును లిఖితపూర్వకముగా ఇచ్చి రసీదు తీసికొనుట. మా వార్డు మాకు వలదు అని వ్రాసినచో లాభము లేదు. ఏ ఇంటి నంబరునుండి ఏ ఇంటి నంబరు వరకు ఎందుకు మార్చవలెనో, మార్చినచో జనాభా సగటు ఎట్లు నిలుచునో లెక్కతో వ్రాసిన అర్జీకే విలువ.

ఇది రాజకీయ పక్షముల పని అని మనము తప్పుకొనరాదు. ఏ పక్షము గెలిచినను ఓడినను, మన వాడకు నీరు రాని దినమున ఎవరి తలుపు తట్టవలెనో నిర్ణయించునది ఈ గీతయే. అన్నదమ్ముల పంపకములలో గట్టు గీయు వేళ దగ్గర నిలుచుండని వాడు పిమ్మట పంచాయతి పెట్టి ప్రయోజనము లేదని మన పెద్దలు చెప్పుదురు. వార్డు గీయు వేళయు అట్టిదే. ఆ వేళ మన విద్యార్థులు కాగితము, కలము చేతబట్టి అక్కడ ఉందురు గాక యని ఆశించుచున్నాము.